ఎవరును చూడని పని

విదేశములోని గొప్ప హోటలు వంటశాలలో పేస్ట్రీపని నేర్చుకొనబోవు యువకుడు మొదటిదినమే వన్నెల కేకులు చేయుదునని తలంచును. గాని అతనికి దొరకునది పిండి తూచుట, జల్లించుట, రేకులు తోముట. దానిని చులకన చేయవచ్చునా?

ఫ్రెంచి వంటమేస్త్రి ఎస్కోఫియె 13 యేండ్ల వయస్సున నీస్ పట్టణములో, తండ్రి సోదరుని భోజనశాలలో చేతిక్రింది పనివాడుగా చేరెను. 1890లో లండనులోని సవాయ్ హోటలు వంటశాలకు పెద్ద ఆయెను.

క్రువాసా అను రొట్టెను చూడుడి. పిండిలో వెన్న పరచి, మూడేసి మడతలుగా మూడు మారులు మడిచినయెడల వెన్న 27 పొరలగును. మడత మడతకు నడుమ దానిని చల్లనిచోట ఉంచవలెను. తొందరపడినయెడల వెన్న మెత్తబడి పిండిలో కలిసిపోవును. బల్లమీద ఆ లోపము కనబడదు. బట్టీలోని వేడి దానిని బయలుపరచును.

మన నడతయు అట్టిదే గదా? మనము చిన్నపనిలో నమ్మకముగా ఉండుట మేస్త్రి కన్నులకొరకా? తినువాడు మన పేరెరుగడు. అయినను అతని పళ్లెములో మన మనస్సాక్షియు వడ్డింపబడుచున్నది. బిడ్డలను దూరదేశమునకు పంపునపుడు జీతమును గూర్చి విచారించుదుము. ఈ సంగతియు వారితో మాటలాడుదము.