అడగలేని మనిషి దగ్గర

మంచాన పడ్డ మనిషికి పుండ్లు పడకుండా చూసుకోవడం ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుస్తుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, ఒళ్లు పరుపుకి రాసుకోకుండా మెల్లగా తిప్పాలి. వీపు తడి లేకుండా తుడవాలి, దుప్పటి ముడతలు లాగి సరిచెయ్యాలి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. అర్ధరాత్రి కూడా అంతే. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు తమ తోటి నర్సు అరుణా శాన్‌బాగ్‌కి ఇలా దాదాపు 42 ఏళ్లు చేశారు.

1973 నవంబరులో ఆ ఆసుపత్రిలోనే పనిచేసేవాడొకడు ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మళ్లీ కోలుకోలేదు. 2015 మేలో న్యుమోనియాతో పోయేదాకా ఆ మంచమే. 2011 తీర్పులో సుప్రీంకోర్టు, అన్నేళ్లలో ఆమె ఒంటి మీద ఒక్క పడకపుండు కూడా పడలేదని ఆ నర్సులను మెచ్చుకుంది. వాళ్లలో ఎంతోమంది ఆమె ఆరోగ్యంగా తిరిగిన రోజులు ఎరగరు. చేస్తే ఆమె నుంచి మెప్పు రాదు, చెయ్యకపోతే నిలదీసే నోరూ లేదు.

రూత్ మాక్లిన్ అనే అమెరికన్ వైద్యనీతి పండితురాలు 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చురక అంటించారు. వైద్యంలో మానవ గౌరవం గురించి మాట్లాడి ఒరిగేదేమీ లేదు, రోగి ఇష్టాయిష్టాలకు విలువిస్తే అంతా అందులోనే వస్తుంది అని ఆవిడ వాదన. కొట్టిపారేసేది కాదు. చెప్పకుండా కత్తి పెట్టకూడదు, జబ్బు సంగతి పదిమందికీ చాటకూడదు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కానీ ఏ ఇష్టమూ చెప్పలేని అరుణ మంచం దగ్గరికొచ్చేసరికి ఆ వాదన చాలదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, మనుషులందరూ పుట్టుకతోనే గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులంది. స్పృహ ఉన్నంతకాలమే అని అందులో షరతేమీ లేదు.

అరుణ మీద పుస్తకం రాసిన జర్నలిస్టు పింకీ విరానీ, ఇక ఆహారం ఆపి ఆమెను ప్రశాంతంగా పోనివ్వమని కోర్టుకెళ్లారు. నర్సులు ససేమిరా అన్నారు. ఇద్దరూ పోరాడింది ఆ మనిషి గౌరవం కోసమే. 2011 మార్చిలో కోర్టు, ఆమె తరఫున మాట్లాడే హక్కు రోజూ చూసుకుంటున్నవాళ్లదే అని తేల్చింది. విరానీ అడిగినదాంట్లో నాకు క్రూరత్వం కనిపించదు. అయినా కోర్టు చెప్పిందే సబబనిపిస్తుంది, ఆ ఒళ్లు తెలిసిన చేతులు అవి. లేనిదల్లా అరుణ మాటే.

మన ఇళ్లలో తంటా వేరు. మాట ఉన్నవాళ్లనే మనం అడగం. ‘నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అంటాడు కొడుకు. రిపోర్టు కొడుకు చేతికి, ఖర్చు అల్లుడి చెవికి, ఏడుపు వరండాలోకి. నిన్నటిదాకా పొలం బేరాలు, పిల్లల సంబంధాలు తేల్చిన మనిషి తన కడుపులో ఏముందో వార్డుబాయ్ నోట వింటాడు. ఇదంతా ప్రేమతోనే జరుగుతుంది, అందుకే ఎవరికీ తప్పనిపించదు.

గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చంది. మొదట ఆ కాగితానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023లో దాన్ని సడలించారు, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. ఆస్తి వీలునామా గురించి ధైర్యంగా ఎత్తేవాళ్లు కూడా దీని ఊసెత్తరు, ‘శుభమా అని అవేం మాటలు’ అని కసురుకుంటారు. పెద్దవాళ్లే ఎప్పుడైనా కదిపితే టీవీ సౌండు పెంచుతాం. వాళ్లు అడగబోయేది వెంటిలేటరు సంగతే కానక్కర్లేదు. ఆఖర్న ఆసుపత్రిలో కాకుండా ఊళ్లో సొంతింట్లో ఉంచమని కావచ్చు, నొప్పి తెలియకుండా చూస్తే చాలని కావచ్చు.