కాపలా కన్ను ఎటు చూస్తోంది?

ఇల్లు మనిషికి దైవం ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. రోజంతా బయట తిరిగి అలసిన మనిషి తలుపు వేసుకుని ఊపిరి పీల్చుకునే చోటు అది. ఆ ఇంటిని, ఇంట్లోని వారిని, కష్టపడి కూడబెట్టిన సొత్తును కాపాడుకోవడం మన బాధ్యత. ఒంటెను కట్టేయాలా, లేక వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (సల్లం) బోధించిన సంగతి మనకు తెలుసు. కనుక గుమ్మం దగ్గర కెమెరా పెట్టుకోవడం తప్పేమీ కాదు. అయితే ఆ కెమెరా ఎటు చూస్తోందన్నదే అసలు ప్రశ్న.

మా వీధిలో దొంగతనం జరిగాక మేమూ కెమెరాలు పెట్టించాలనుకున్నాం. ఏవి మంచివో తెలియక ఇంటర్నెట్‌లోనూ, వాట్సప్ గ్రూపుల్లోనూ అడిగాం. జవాబులకు కొదవ లేదు. నాలుగు చాలని ఒకరు, ఎనిమిది లేనిదే దండగని మరొకరు. వైరు ఉన్నదే నమ్మకమని ఒకరు, వైఫై అయితే సుఖమని ఇంకొకరు. చివరకు వాళ్లలో వాళ్లే మాట మీద మాట పెంచుకుని దెబ్బలాడుకున్నారు. మీ ఇంటికి ఎదురుగా ఎవరుంటారని అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. కుర్రవాడు గేటుపై కెమెరా బిగించి ఫోనులో చూపించగానే మా ఇంట్లోవాళ్లు, "ఇందులో ఎదురింటి ఖాలా వాకిలంతా కనిపిస్తోందే! పొద్దున్నే ఆమె తల మీద కొంగైనా లేకుండా పనులు చేసుకుంటారు. అదంతా మనం చూడవచ్చా?" అన్నారు. మా దగ్గర జవాబు లేకపోయింది.

అనుమతి లేకుండా ఇతరుల ఇళ్లలో ప్రవేశించవద్దని దివ్య ఖుర్ఆన్ (24:27) ఆదేశిస్తోంది. ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని మరోచోట (49:12) వారిస్తోంది. ఒక వ్యక్తి రంధ్రంలోంచి తమ ఇంట్లోకి తొంగి చూసినప్పుడు దైవప్రవక్త (సల్లం) తీవ్రంగా మందలించారు. అనుమతి నియమం ఏర్పడిందే చూపును అదుపులో ఉంచడానికని వివరించారు. మరి కంటితో తొంగి చూడటం తప్పయినప్పుడు, అదే పనిని కెమెరా చేత చేయిస్తే ఒప్పవుతుందా? కన్ను చూసింది మరచిపోవచ్చు. కెమెరా రోజుల తరబడి దాచి ఉంచుతుంది.

"మా ఉద్దేశం అది కాదు కదా!" అని కొందరంటారు. నిజమే కావచ్చు. కాని మన సంకల్పం మనకు, మన ప్రభువుకు తెలుసు. ఎదురింటి ఆమెకు ఎలా తెలుస్తుంది? తన వాకిట్లో తానే బెరుకుగా తిరగవలసి వస్తే, మన మంచి ఉద్దేశం ఆమెకు ఏ విధంగా ఊరట? మన భద్రత కోసం ఆమె ప్రశాంతతను మూల్యంగా చెల్లించే హక్కు మనకు లేదు.

న్యాయస్థానాలు కూడా ఈ మాటే అంటున్నాయి. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల వివాదంలో, కలిసి నివసించేవారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 2021లో పొరుగింటి కెమెరాల కేసులో, దృశ్యాలతోపాటు దూరం నుంచి మాటలు రికార్డు చేయడాన్ని కూడా తప్పుపట్టింది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. కెమెరాను మన గుమ్మం వైపు కిందికి వంచితే చాలావరకు సరిపోతుంది. 2.8 ఎం.ఎం. లెన్సు ఎక్కువ వెడల్పున చూస్తుంది. ఇరుకు సందులో 4 ఎం.ఎం. లెన్సు పెడితే పక్కవాళ్ల వాకిలి తప్పించడం సులువు. అప్పటికీ కనిపించే భాగాన్ని తెరపై నల్లగా కప్పివేసే సదుపాయం చాలా కెమెరాల్లో ఉంది. మాటల రికార్డింగు ఆపివేయాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు వెంటనే మార్చాలి. 2016లో 'మిరాయ్' అనే వైరస్ లక్షలాది కెమెరాలను, ఇతర పరికరాలను వశపరచుకున్నది మార్చని పాస్‌వర్డుల వల్లనే. పాస్‌వర్డు మార్చకపోతే మన ఇల్లే పరాయివారి కంటికి దొరుకుతుంది.

మరొక్క మాట. కెమెరాలో తెలియని ముఖం కనిపించగానే "దొంగ" అని రాసి గ్రూపుల్లో పంపేస్తున్నాం. అతను చిరునామా వెతుక్కుంటున్నవాడైతే? ఒకసారి పోయిన పరువును ఏ బటన్ నొక్కి తిరిగి తెస్తాం? అనుమానం ఉంటే పోలీసులకు చూపాలి గాని లోకానికి కాదు.

మేము ఆ సాయంత్రం కెమెరా దిశ మార్పించి, ఫోను తీసుకుని ఖాలా ఇంటికి వెళ్లాం. "ఇదిగో, ఇంతే కనిపిస్తుంది" అని చూపించాం. ఆమె చాలాసేపు చూసి, "నాన్నా, నిన్నటి నుంచి వాకిట్లోకి రావడమే మానుకున్నాను" అన్నారు. అంతవరకు ఆ సంగతే మాకు తెలియదు.

మన ఇళ్లకూ, మన ఇరుగుపొరుగు ఇళ్లకూ అల్లాహ్ రక్షణ కల్పించుగాక! మన చూపులను పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.