కొనుక్కో, కానీ అటకెక్కించకు

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్‌లో టమియా వాళ్ల స్పిట్‌ఫైర్ మార్క్ 8, 1/32 స్కేలు విమానం మోడల్ కిట్టు కొనాలని ఉందన్నావు. సుంకాలూ కొరియరూ కలిపి ఇంటికి చేరేసరికి ఇరవై వేలు దాటుతుందన్నావు. ఆ అంకె చెప్పేటప్పుడు నీ గొంతు బాగా తగ్గింది. చిన్నప్పుడు మార్కుల కాగితం మీద సంతకం కోసం వచ్చినప్పుడు ఇలాగే మాట్లాడేవాడివి. రెండు ముక్కల్లో తేల్చెయ్యడం ఇష్టం లేక తీరిగ్గా రాస్తున్నాను.

కొనుక్కో. ముందు ఈ మాట చెప్పేస్తే నీకు మనసు కుదుటపడి మిగతాది చదువుతావు.

ఇంటి అప్పు వాయిదా, అమ్మ మందులు, పిల్ల ఫీజు పోను మిగిలినదాంట్లో ఇన్నేళ్లూ చిన్న కిట్లతోనే సరిపెట్టుకున్నావు. డైనింగ్ టేబుల్ ఒక మూల పాత పేపరు పరుచుకుని నువ్వు చేసిన 1/72 విమానాలు నేను చేతిలోకి తీసుకుని చూశాను కదా. ఆ నాట్ విమానానికి కాక్‌పిట్ అద్దం చుట్టూ ఫ్రేము గీత ఎక్కడా చెదరకుండా వేశావు. అంత కుదురున్న చేతికి పెద్ద కిట్టు అప్పగించవచ్చు. ఎవరో కొన్నారని కొంటున్నావనుకుంటే వద్దనేవాణ్ణి. నీ సంగతి అది కాదు.

పైగా ఎంచుకున్న విమానం కూడా నాకు నచ్చింది. హైదరాబాదులో ఉంటున్నవాడివి కాబట్టి ఈ సంగతి నీకు తెలిసి ఉండాలి. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు నిజాం ఇచ్చిన డబ్బుతో డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. అప్పటి నుంచి దాని పేరులో హైదరాబాద్ చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ ఆ పేరు వచ్చింది. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. కింద రాసుకున్న నినాదం ‘ఫెయిత్‌ఫుల్ ఆలై’, అంటే నమ్మకమైన మిత్రుడు. నిజాంకు బ్రిటిష్ వాళ్లిచ్చిన బిరుదు అదే. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాచిన ఈ స్క్వాడ్రన్, తర్వాత బర్మా పోరుకు వచ్చినప్పుడు నడిపింది సరిగ్గా నువ్వు కొనబోయే మార్క్ 8నే. వాళ్ల విమానాల పక్కన, గుండ్రటి గుర్తు మీదుగా లంఘిస్తున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. ఆ గుండ్రటి గుర్తులో ఎరుపు ఉండదు. జపాన్ విమానాల ఎర్రటి సూర్యబింబంతో పొరబడతారని తూర్పు రంగంలో ఎరుపు తీసేసి రెండు నీలాలే ఉంచారు. మన వాయుసేన 8వ స్క్వాడ్రన్ కూడా ఈ మార్క్ 8తోనే బర్మాలో పోరాడింది. ఈ రెండింట్లో ఏది చేస్తావో కొనకముందే తేల్చుకో. ఫలానా విమానం చేస్తున్నానని తెలిస్తే చేతిలో ముక్క మీద శ్రద్ధ వేరుగా ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. అంత ధర ఎందుకో తెలిస్తే నీకు ఆ బెరుకు కొంత తగ్గుతుంది. టమియా వాళ్లు షిజువోకాలో 1946లో కలప మిల్లుతో మొదలుపెట్టి, చెక్క బొమ్మలు చేసి, 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చారు. ఒక కారు మోడల్ కోసం అసలు పోర్షే కారునే కొని విప్పి కొలతలు తీసుకున్న కంపెనీ అది. ఒక్కో భాగానికి ఉక్కు అచ్చు చెక్కాలి. ఇంజన్ మీది కప్పు ముక్క తీసి పెడితే లోపల మెర్లిన్ ఇంజన్ కనపడాలి, మళ్లీ పెడితే సందు కనపడకూడదు. అందుకు పెట్టెలోనే చిన్న చిన్న అయస్కాంతాలు ఇస్తారు. ఆ పనితనానికి డబ్బు అడగడం న్యాయమే. మన దగ్గర దాని మీద సుంకం పడుతుంది. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. స్కేల్ మోడళ్లు కూడా బొమ్మల పద్దులోకే వస్తాయి. కాబట్టి జపాన్ దుకాణంలో ధర చూసి ఇక్కడి లెక్క వేసుకోకు. అన్నీ కలిపి ఎంతో ముందే రాసుకుని, ఆ మొత్తం చేతిలో ఉన్నప్పుడే ఆర్డర్ పెట్టు.

క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ మాత్రం పెట్టకు నాయనా. ఇల్లు అప్పు చేసి కొనక తప్పదు, స్పిట్‌ఫైర్‌కు ఆ అగత్యం లేదు. నెలకు మూడు వేలు విడిగా తీసిపెట్టు, ఏడో నెలకు సొమ్ము సిద్ధంగా ఉంటుంది. ఈలోగా నీ దగ్గర సగంలో ఆగిపోయిన రెండు కిట్లూ పూర్తి చెయ్యి. ఈ ఏడు నెలల్లో కోరిక చల్లారిపోతే డబ్బు మిగిలినట్టే. చల్లారకపోతే ఇక ఎవరినీ అడగక్కర్లేదు, నన్ను కూడా.

మీ ఆవిడకు అసలు ధర చెప్పు. పార్సెల్ ఆఫీసు అడ్రసుకు తెప్పించుకుని, బ్యాగులో దాచి ఇంటికి తెచ్చి, సగం ధర చెప్పేవాళ్లు ఈ హాబీలో ఎంతమందో. రేపు బిల్లు ఆమె కంటబడితే ఇరవై వేలు పోయాయని కాదు, నువ్వు దాచావని బాధపడుతుంది. ఇంకో మాట. ఏడాదికి ఇంత అని తన సరదాకు ఎవరికీ లెక్క చెప్పకుండా ఖర్చుపెట్టుకునే వీలు ఆమెకు ఉందా? లేకపోతే ముందు అది సరిచెయ్యి. ఆ తర్వాతే ఈ విమానం.

ఇక అదనపు సరంజామా. రెసిన్ సీటు, ఇత్తడి తుపాకీ గొట్టాలు, ఇంకెవరో చేసిన కాక్‌పిట్ సెట్టు, ఇవన్నీ కలిపితే కిట్టు ధరకు కిట్టు ధర అవుతుంది. ఈ పెట్టెలో లోహపు రేకు భాగాలు ఉంటాయి. అవి చాలు. విడిగా కొనవలసింది ఏదైనా ఉంటే చిరుత బొమ్మ డెకాళ్లే, అంటే నీళ్లలో తడిపి అంటించే బొమ్మలే. దొరక్కపోతే మాస్కు కోసి రంగుతో వేసుకో. అది నీ చేతిలో పనే.

రెక్కల వెడల్పు అసలు విమానానికి 36 అడుగుల 10 అంగుళాలు. 1/32లో అది 35 సెంటీమీటర్లు. నీ అద్దాల షెల్ఫు లోతు కొలుచుకున్నావా? బయట పెడితే ఫ్యాను దుమ్ముకు నెల తిరక్కుండా రంగు మాసిపోతుంది. చోటు చూసుకున్నాకే ఆర్డర్.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. పార్సెల్ వచ్చిన వారంలోపు మొదటి ముక్క కొయ్యి.

ఖరీదైన పెట్టె ఇంటికి రాగానే చాలామందికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తెరుస్తారు, ముక్కలు అతుక్కుని ఉండే స్ప్రూలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూస్తారు, సూచనల పుస్తకం తిరగేస్తారు, మళ్లీ పొందిగ్గా సర్ది అటక ఎక్కిస్తారు. చెయ్యి ఇంకాస్త తిరగనీ, మంచి ఎయిర్‌బ్రష్ రానీ, రిటైరయ్యాక చూద్దాం అంటారు. న్యూజిలాండ్‌లో పీటర్ జాక్సన్ పెట్టిన వింగ్‌నట్ వింగ్స్ కంపెనీ 2020లో మూతపడ్డాక దాని కిట్ల ధరలు ఎగబాకాయి. దాంతో పెట్టె విప్పకుండా దాచుకోవడమే తెలివైన పని అని కొందరికి తోచింది. నువ్వు ఆ దారిన పోకు. బంగారం కొనాలనుకుంటే బంగారమే కొను. అటక మీది వేడికీ చెమ్మకూ డెకాళ్లు పసుపెక్కుతాయి, అంటుకునే గుణం పోతుంది. నీ కళ్లు కూడా ఇలాగే ఉండవు. నాకిప్పుడు 1/72 కాక్‌పిట్ డయళ్లు భూతద్దం లేకుండా కనపడవు. నీకు నలభై దాటలేదు. ఇదే అదను.

మొదటి కోతకు చెయ్యి వణుకుతుంది, నిజమే. అందుకని రెక్కతో మొదలుపెట్టకు. ఇంజన్ వెనక ఎవరికీ కనపడని చిన్న భాగం ఒకటి ఎంచుకో. నిప్పర్ భాగానికి ఆనించి ఒక్క వేటున కోస్తే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది. రెండు మిల్లీమీటర్లు వదిలి మొదటి కోత కొయ్యి. ఆ మిగిలిన మొటికను రెండో కోతలో తియ్యి. పొలుసులాంటిది ఇంకా మిగిలితే బ్లేడును అడ్డంగా పట్టి గీకు, చివర తడిపిన వాటర్ పేపర్‌తో నాలుగు సార్లు రుద్దు. గోటితో తడిమితే ఎక్కడ కోశావో తెలియకూడదు. ఒక్క ముక్క అలా వచ్చిందంటే ధర సంగతి తలలోంచి పోతుంది, చూడు.

టమియా పచ్చ మూత జిగురు నీకు అలవాటే. రెండు ముక్కలూ బిగించి పట్టుకుని, సందు మీద బ్రష్ కొన తాకించి వదిలెయ్యి. అదే లోపలికి పాకి, ప్లాస్టిక్‌ను కరిగించి ఏకం చేస్తుంది. వేలు సందు మీద ఉంటే వేలిముద్ర రెక్క మీద అచ్చు పడుతుంది. కాక్‌పిట్ అద్దానికి సూపర్ గ్లూ వాడకు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. మన ఫెవికాల్ చాలు. పచ్చ మూతలో ఉన్నది అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. కిటికీ తెరిచి పని చెయ్యి, పిల్ల పక్కన ఉన్నప్పుడు ఆ సీసా మూత తియ్యకు. పిల్లను మాత్రం తరమకు. డెకాళ్లు నీళ్లలో వేసే రోజున ఆ గిన్నె పట్టుకోవడం దాని వంతు.

రంగు వేసేది జులై, ఆగస్టుల్లో పడితే ఓపిక పట్టు. ముసురు పట్టిన రోజు లాకర్ రంగు కొడితే గాలిలో చెమ్మ రంగు మీద చేరి పాలిపోయినట్టు తెల్లటి పొర కడుతుంది. కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరితే చుక్క ఎగిరి రెక్క మధ్యలో పడుతుంది. వాటర్ ట్రాప్ ప్రతిసారీ ఖాళీ చెయ్యి. ఎండ కాసే దాకా ఆగినంత మాత్రాన స్పిట్‌ఫైర్ ఎక్కడికీ పోదు.

ప్రతి రంగూ ముందు వేరేదాని మీద కొట్టి చూడు. అందుకు ఎయిర్‌ఫిక్స్ 1/72 స్పిట్‌ఫైర్ ఒకటి చవగ్గా కొనిపెట్టుకో. 1953లో ఆ కంపెనీ తొలి విమానం కిట్టు స్పిట్‌ఫైరే. రెండు షిల్లింగులకు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఊల్‌వర్త్స్ దుకాణాల్లో అమ్మారు. ఎందరో పిల్లలు బడి నుంచి వచ్చి, భోజనాల వేళకు అంటించేసి, తడి ఆరకముందే చేత్తో పట్టుకుని ఇల్లంతా ఎగరేశారు. ఈ హాబీ పెరిగింది వాళ్ల చేతుల్లోనే. ఆ చిన్నదాని మీద ముదురాకుపచ్చ, సముద్రపు బూడిద రంగు ఎలా పడుతున్నాయో చూసుకున్నాకే పెద్దదాని జోలికి వెళ్లు.

అప్పటికీ తప్పులు జరుగుతాయి. అతుకు విచ్చుకుంటుంది, ఏంటెనా విరుగుతుంది, సన్నటి ముక్క ఒకటి ట్వీజర్ నుంచి ఎగిరి సోఫా కిందికి పోతుంది. పుట్టీతో పూడ్చు, స్ప్రూ సాగదీసి కొత్త ఏంటెనా చెయ్యి. పోయిన ముక్క కోసం సోఫా జరుపు, అంతే. ఇరవై వేల కిట్టు పాడుచేశానని ఆ పూట కూర్చుని కుమిలిపోకు. రెండువందల కిట్టుకు ఏం చేసేవాడివో దానికీ అదే చెయ్యి. ప్లాస్టిక్ ఒకటే, జిగురు ఒకటే, చెయ్యీ అదే. చేసినన్నాళ్లు నీకు సాయంత్రాలు బాగా గడిచాయా లేదా, నేను అడిగేది అదొక్కటే.

ఒక్కటే చేస్తూ ఉండు, అది పూర్తయ్యేదాకా మస్కిటో విమానం కిట్టు వైపు చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

ఢిల్లీ పని మీద వెళ్తే పాలం వాయుసేన మ్యూజియంలో స్పిట్‌ఫైర్ చూసిరా. అది మార్క్ 18, గ్రిఫన్ ఇంజన్ కాబట్టి ముక్కు పొడుగ్గా ఉంటుంది. ముక్కు వదిలేసి రెక్కల కింద రేడియేటర్లు, చక్రాల కాళ్ల దగ్గర వంగి ఫొటోలు తియ్యి. మార్క్ 8కు తోక చక్రం కూడా లోపలికి ముడుచుకుంటుంది, మార్క్ 9కు ముడుచుకోదు. పాత ఫొటోలు చూసేటప్పుడు రెంటికీ తేడా అక్కడ పట్టుకోవచ్చు.

152వ స్క్వాడ్రనా, 8వ స్క్వాడ్రనా తేల్చుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. బర్మా రంగం మీద నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి, ఏది కావాలో చెబితే కొరియర్ చేస్తాను. ఈసారి మాత్రం ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించకు.

ఆశీస్సులతో,
మావయ్య