చిత్రగుప్తుడు విశేషణాలు రాయడు

పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసిన పనికి పాపం అంటదని మహాభారతంలో ఒక కట్టడి ఉంది. దాన్ని పెట్టింది కొరత వేయించుకున్న ఒక ముని. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కుంటారు, రాజభటులు ఆయన్నీ వాళ్ళలో కలిపి శూలానికి ఎక్కిస్తారు. తరవాత ఆయన ధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేను చేసిన పాపమేమిటని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగులకు గడ్డిపోచలు గుచ్చావు, దాని ఫలం ఇది అంటాడు యముడు. ఇంత చిన్న పనికి అంత శిక్షా అని మండిపడి, నువ్వు భూమ్మీద దాసి కడుపున పుట్టు అని ముని శపిస్తాడు. అలా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్ళ గీత కూడా ఆ కోపంలో గీసిందే.

జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో మా స్కూలు ఇయర్‌బుక్ కమిటీ కూర్చున్నప్పుడల్లా నాకు ఈ కథ గుర్తొస్తుంది. నేను డ్రాయింగ్ టీచర్ని. పుస్తకం బొమ్మలూ రంగులూ నావి, మాటలు హిందీ, ఇంగ్లీషు టీచర్లవి, చివరి పేజీ ప్రిన్సిపాల్‌ది. టెన్త్ పిల్లలకి పదిహేను నిండుతాయి. మాండవ్యుడి గీత అప్పుడప్పుడే దాటిన వాళ్ళ లెక్క రాయడానికి మేం కలాలు పట్టుకుని కూర్చుంటాం. రాసేదేమిటంటే, ‘క్లాసు కమెడియన్’, ‘నోరు విప్పని పిల్ల’, ‘రేపటి కలెక్టర్’. అమెరికా స్కూళ్ళ అలవాటు ఇది. మన దాకా వచ్చి, మన పాత స్కూలు మ్యాగజైన్ మీద, అదే వ్యాసాలూ జోకులూ ఉండే సన్న పుస్తకం మీద, కొత్త అట్టలా కూర్చుంది.

ఈసారి పిల్లలు మొదట తెచ్చిన థీమ్ ఉక్కు. ఆశ్చర్యమేముంది? 1912లో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఏ పండక్కయినా అదే అలంకారం. అట్ట మీద రాత్రి ఆకాశం, స్లాగ్ ఒంపినప్పుడు లేచే ఎర్రటి వెలుగు. లోపల పిల్లలు ఖనిజం, టీచర్లు కొలిమి, టెన్త్ సర్టిఫికెట్ ఉక్కు. బొమ్మగా బావుంది. నారింజ రంగు మీద నల్లటి చిమ్నీలు, నా చెయ్యి కూడా దురద పెట్టింది. కానీ నేను ఒక ప్రశ్న అడిగాను: ‘ఈ కథలో స్లాగ్ ఎవరు?’

ఎవరూ మాట్లాడలేదు. ఖనిజం, కోకు, సున్నపురాయి బ్లాస్ట్ ఫర్నేసులో పోస్తే ఇనుము అడుగుకి దిగుతుంది, మలినాలన్నీ చిట్టెంగా పైన తేలతాయి. దాన్ని వేరే దారిలో బయటికి వదులుతారు. నలభై మంది క్లాసుని కొలిమిలో పోసిన రచయిత, ఆ రెండో దారిలో బయటికి వచ్చేది ఎవరో కూడా రాయాలి కదా. తండ్రి ఫర్నేసులో పనిచేసే ఒక అబ్బాయి మాత్రం, ‘స్లాగ్‌తో సిమెంటు చేస్తారు మిస్, జోజోబేడాలో ఫ్యాక్టరీ ఉంది’ అన్నాడు. మంచి జవాబే. కానీ అది కూడా, నిన్ను దేనికి వాడాలో పైవాళ్ళకి ముందే తెలుసు అని చెప్పేదే. కథ చివర ఏం తయారవుతుందో ముందే తెలిసిపోతే, మధ్యలో పిల్లవాడు చేసిన పనికి విలువేముంటుంది? తలరాతని నమ్మేవాళ్ళతో నా పేచీ ఎప్పుడూ ఇక్కడే.

రెండోది రైలు. టాటానగర్ స్టేషను మాకు నడిచి వెళ్ళేంత దూరం. 1919 దాకా దాని పేరు కాలీమాటి. పేజీకో టికెట్, పేరు, సీటు నంబరు, గమ్యం. గమ్యం గడిలో ముప్పావు మంది బెంగళూరు రాశారు. అక్కడితో ఆ రైలు ఆగిపోయింది.

మధ్యలో, అన్ని ఇయర్‌బుక్కుల్లో ఉండే ఒక పేజీ గురించి చర్చ వచ్చింది. ఎల్‌కేజీ ఫోటో పక్కన టెన్త్ ఫోటో వేసే పేజీ. దాన్ని నేను తీసెయ్యమనలేదు, ఎందుకంటే ఆ రెండు బొమ్మలూ కలిసి అడిగే ప్రశ్న చాలా పాతది. గ్రీకు రాజు మినాండరుని బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగిందీ అదే: మంచం మీద వెల్లకిలా పడుకున్న పసివాడూ, ఇప్పుడు పెద్దవాడైన నువ్వూ ఒకరేనా? కాదు, వాడు వేరు నేను వేరు అంటాడు రాజు. అయితే నీకు తల్లీ లేదు, గురువూ లేడు, చదువుకునేది ఒకడు, చదువు పూర్తి చేసినవాడు ఇంకొకడు అన్నమాట అంటాడు భిక్షువు. ‘మిలిందపన్హ’లో ఉంది ఈ సంవాదం. తెల్లవార్లూ వెలిగిన దీపంలో తొలిజాము మంటా చివరిజాము మంటా ఒకటేనా అని కూడా అడుగుతాడు. ఒకటీ కాదు, వేరూ కాదు. ఇది పిల్లలకి చెబితే వెనక బెంచీలోంచి ఒకడు, ‘అయితే ఎల్‌కేజీలో నేను కొరికిన పిల్లకి ఇప్పుడు నేను సారీ చెప్పాలా వద్దా?’ అన్నాడు. చెప్పాలనే అన్నాడు నాగసేనుడు. మనిషి మారిపోయాడని పని చెరిగిపోదు.

మనిషి నిలవడు, పని నిలుస్తుంది. మరి ఇయర్‌బుక్కులు చేసేది తిరగేసి కదా! పనుల్ని వదిలేసి మనిషిని పట్టుకుని, అల్లరివాడు, మొద్దు, అందగత్తె అని బిళ్ళ కట్టేస్తున్నాయి.

బిళ్ళ అంటే మా తాత గుర్తొస్తాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. ఏదో రిజిస్టర్లో ఏదో గుమాస్తా ఆయన ఇంటిపేరు రాయలేక ‘రావ్’ అని పెట్టేశాడు. ఇక్కడ తెలుగువాళ్ళలో అలా రావులైనవాళ్ళు చాలామంది. ఇత్తడి బిళ్ళ మీద నంబరు ఒక్కటే సరిగ్గా ఉండేది. మా నాన్నమ్మ పేరు దిద్దించుకోమని పోరితే, ‘బిల్ల నంబరుంటే జీతమొస్తాది, పేరుతో ఏటి పని?’ అనేవాడట. నాన్నమ్మకి ఆ మాట నచ్చేది కాదు, నాకు మాత్రం అందులో కొంత వైరాగ్యం కనిపిస్తుంది. ఆ రిజిస్టరు ఆయన మంచివాడో చెడ్డవాడో రాయలేదు. వచ్చాడు, పని చేశాడు, వెళ్ళాడు అని రాసింది.

అలా ఖాతా పుస్తకం మా థీమ్ అయింది. దానికి చిత్రగుప్తుడు దొరకడం బర్మామైన్స్ చలవే. దీపావళి వెళ్ళిన రెండో రోజు, యమద్వితీయ నాడు, మా వీధిలో బీహారు కాయస్థుల ఇళ్ళలో చిత్రగుప్త పూజ. కలం, సిరాబుడ్డి దేవుడి ముందు పెడతారు, పూజయ్యేదాకా కలం ముట్టరు. (ఆ రోజు హోంవర్కు అడగకూడదని క్లాసులో కాయస్థులు కానివాళ్ళు కూడా వాదిస్తారు.) మనం తెలుగువాళ్ళం ‘చిత్రగుప్తుడి చిట్టా’ అని మాటలో వాడుకోవడమే గానీ ఆయనకి పూజ చెయ్యం. హైదరాబాదు పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర గుడి ఉంది, అంతే. నాకు ఆయనలో నచ్చింది ఒకటే. ఆయన విశేషణాలు రాయడు, క్రియలే రాస్తాడు. ఫలానావాడు పిసినారి అని ఉండదు ఆ చిట్టాలో, ఫలానా రోజు అడిగినవాడికి ఇవ్వలేదు అని ఉంటుంది.

మా ఉర్దూ టీచరుగారు ఇది విని నవ్వి, మాకు ఇద్దరున్నారు అన్నారు. కుడి భుజం మీద ఒకరు, ఎడమ భుజం మీద ఒకరు, కిరామన్ కాతిబీన్, గౌరవనీయులైన లేఖకులు. మంచి వెంటనే రాస్తారట. చెడు రాయాల్సిన దేవదూత కొంతసేపు కలం ఆపి చూస్తాడట, మనిషి పశ్చాత్తాపపడతాడేమోనని. పసివాడి మీద నుంచి కలం ఎత్తేసి ఉంటుందని హదీసు కూడా ఉందన్నారు. మాండవ్యుడు శపించి సాధించింది అక్కడ అడక్కుండానే దొరికింది.

పేజీ తయారైంది. గీతల కాగితం, పాత బైండు ఖాతాల ఎర్ర అంచు, సూటుబూటు ఫోటో బదులు పనిలో ఉన్న చేతుల ఫోటో. ఒక్కొక్కరి గురించి పక్కవాళ్ళు చూసిన ఒక్క పని, క్రియతో ముగిసే ఒక్క వాక్యం. ఎవరి గురించి వాళ్ళు రాసుకోకూడదు. రాసుకుంటే అది ఖాతా కాదు, పెళ్ళిచూపుల బయోడేటా. ‘జూలై వానకి వరండా నిండితే చీపురు పట్టింది.’ ‘సరస్వతీ పూజ పందిరికి కాగితం గొలుసులు అంటించాడు.’ మరి చెడ్డ పనులో? ఒకడు లెక్కల పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చొచ్చాడు, అదే వెయ్యమని పట్టుబట్టాడు. వాడి స్నేహితుడు అదే రాశాడు, వేశాం. ప్రిన్సిపాల్ ఇంకా ఒప్పుకోలేదు. స్కూలు పుస్తకంలో సున్నా ఏమిటంటున్నారు. నా వాదన ఒకటే: నిజంగా జరిగింది, వాడు సిగ్గుపడటం లేదు, మనమెందుకు?

ఒక్క హక్కు మాత్రం పిల్లలకి ఇచ్చాం. తన గురించిన వాక్యం నచ్చకపోతే కొట్టెయ్యొచ్చు. దేవదూత కలం ఆపినట్టు మేమూ ప్రెస్సుకి పంపేదాకా ఆగుతాం. చెడ్డవే కొట్టేస్తారనుకున్నాం. మొదట కొట్టేసింది ఒక అమ్మాయి, తన గురించి స్నేహితురాలు రాసిన మెప్పుని: పరీక్ష ఫీజుకి డబ్బు తక్కువైన క్లాస్‌మేట్‌కి తన డబ్బు ఇచ్చిందని. ‘అది చదివితే ఎవరికిచ్చానో అందరూ వెతుకుతారు మిస్’ అంది. నిబంధన ప్రకారం సొంతంగా రాసుకోకూడదు కాబట్టి స్నేహితురాల్ని పిలిచి తనే చెప్పి రాయించింది: ‘ఏడాదంతా బస్సులో కిటికీ సీటు ఎవరికీ ఇవ్వలేదు.’