ఒల్లని ముద్ద

దయ మంచిదని నిరూపించుటకు వ్యాసము వ్రాయ నక్కరలేదు. ఆ సంగతి నెవ్వరును కాదనరు. కాని దయ యొక్కటియే చాలునా? దానికి తెలివి తోడుండవలయునా? తెలివిలేని దయవలన గలిగిన కీడునకు దయ చూపినవాడు బాధ్యుడగునా? ఇవి మాత్రము విచారింపదగిన ప్రశ్నలు. పెద్దవిషయములందు ఈ ప్రశ్నలు పక్షపాతములనడుమ మరుగుపడును. అందుచేత మిక్కిలి చిన్నప్రాణి నొకదానిని దృష్టాంతముగా దీసికొనుచున్నాను. అది అప్పుడే గ్రుడ్డునుండి వెలువడి, తిండిని గాని నీటిని గాని ముట్టక, పుల్లను బట్టుకొని కదలక కూర్చున్న ఊసరవెల్లి పిల్ల.

ఊసరవెల్లికి మనలో మంచిపేరు లేదు. మాట నిలుకడ లేనివానిని దానితో బోల్తుము. దాని కాటు విషమని పెద్దలు భయపడుదురు. అది కనబడినతోడనే పల్లెపిల్లలు రాయి వెదకుదురు. నిజమున కందు విషము లేదు. రంగు మార్చుటయు మోసము కాదు. 2015వ సంవత్సరమున జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మడగాస్కరు దీవియందలి యొక జాతిని పరీక్షించి, చర్మకణములలోని మిక్కిలి సూక్ష్మములైన స్ఫటికముల నడిమి యెడము మారుటచేత రంగు మారుచున్నదని తెలిపిరి. వెలుగు, వేడిమి, భయము, పౌరుషము, జతకోరిక మొదలగువాని ననుసరించి ఆ మార్పు గలుగును. మనుష్యుని మొగము కోపమున నెఱ్ఱబడుటకును, భయమున దెల్లబోవుటకును ఇది దగ్గరి సంగతి. లోపలి స్థితిని దాచుకొనలేక పైకి జూపు ప్రాణిని మనము కపటమునకు గురుతుగా జేసికొంటిమి. మనము దానిని సరిగా జూడలేదనుటకు ఇది మొదటి సాక్ష్యము.

ప్రపంచమున ఊసరవెల్లులు రెండువందలకు బైగా జాతులు గలవు. వానిలో నించుమించు సగము మడగాస్కరుననే యున్నవి. మన దేశమున సహజముగా నున్నది ఒక్క జాతియే. ఆ జాతి తల్లి చెట్టు దిగి వచ్చి, నేలలో గోయి త్రవ్వి, పది మొదలు ముప్పది వరకు గ్రుడ్లు పెట్టి, వానిపై మన్ను గప్పి వెడలిపోవును. మరల వచ్చి చూడదు. కొన్ని నెలలకు పిల్లలు పెంకు చీల్చుకొని, మన్ను త్రోసికొని పైకి వచ్చి, ఎవ్వరును చూపకయే కొమ్మ నెక్కును. వానికి తల్లిపాలు లేవు, తల్లి రెక్కల నీడ లేదు, నోటి కందించు ముద్ద లేదు. మడగాస్కరునందలి మరియొక జాతి సంగతి 2008వ సంవత్సరమున వెల్లడియైనది. అందలి పిల్లలు గ్రుడ్డులో ఎనిమిది తొమ్మిది నెలలుండి, వెలుపల బ్రతుకునది నాలుగైదు నెలలే. అవి పుట్టునప్పటికి పెద్దలలో నొక్కటియు బ్రతికియుండదు. పుట్టిన తరమంతయు అనాథయే. కాని ఆ యనాథత్వము వాని కాపద కాదు. అది వాని జీవనక్రమము.

ఇట్టి పిల్లలు ఒక్కొక్కప్పుడు మనుష్యుని చేత జిక్కును. తోట త్రవ్వునప్పుడో, ఇంటికి పునాది తీయునప్పుడో గ్రుడ్లు బయటపడును. రాయి విసరని మంచిపిల్లవాడు వానిని దెచ్చి గంపక్రింద నుంచును. పిల్లలు వెలువడును. ఇల్లంతయు వానిచుట్టు మూగును. ఒకరు చిప్పలో నీరు పెట్టుదురు. ఒకరు పాలలో దూది ముంచి నోటికి దాకింతురు. ఒకరు అన్నపు మెతుకు చిదిమి యెదుట నుంతురు. పిల్ల నోరు తెరువదు. కన్ను మాత్రము త్రిప్పి చూచును. సాయంకాలమునకు ఇంటివారి గుండె చెరువగును. "అయ్యో, ఆకటితో చచ్చునేమో" యని పుల్లతో దవడ విడదీసి నాలుగుచుక్కలు పోయుదురు. మరునాటికి పిల్ల చచ్చియుండును. "మేము చేయవలసినదెల్ల చేసితిమి; దాని యాయువు మూడినది" అందురు. మన విచారణ మొదలు కావలసినది ఈ వాక్యము కడనే.

ఆ పిల్ల యేల తినలేదు? మొదటి కారణము, దానికి ఆకలియే లేకుండవచ్చును. గ్రుడ్డులోని పచ్చసొన శేషము కడుపులో నింకుచు, మొదటి యొకటి రెండు దినములు, ఒక్కొక్కప్పు డింకను కొంత హెచ్చుకాలము, దానిని బోషించును. ఇది పుట్టుకతో వెంట దెచ్చుకొన్న సద్ది. రెండవ కారణము, మనము పెట్టినది దానికి తిండి కాదు. ఊసరవెల్లి కదలుదానినే యాహారముగా గుర్తించును. దాని కన్నులు రెండును వేరువేరు దిక్కులకు దిరుగుచు, కదలు పురుగు గనబడగానే రెండును దానిపై నిలుచును. అంతట తన మేనిపొడవునకు ఇంచుమించు రెండింతలు సాగగల నాలుక వెలువడును. ఈ యేర్పాటంతయు కదలిక కొరకే. కదలని మెతుకు ఎదుట నున్నను దానికి రాయియు నదియు నొక్కటియే. చిన్నపిల్లకు దాని నోటికి దగిన నుసుమువంటి యీగలు, మొలకలవంటి చిమ్మటపిల్లలు కావలయును. పెద్దపురుగును జూచిన అది భయపడి మరింత ముడుచుకొనును.

నీటి సంగతియు నిట్టిదే. నిలిచిన నీటిని ఊసరవెల్లి సామాన్యముగా నీరని యెరుగదు. ఆకులపై జారు మంచుబిందువులను, వానచుక్కలను నాకి త్రాగుట దాని యలవాటు. నిండుచిప్ప ప్రక్కనే పెట్టుకొని అది దప్పికతో నెండిపోవచ్చును. కన్నులు గుంటలు పడుట దానికి గురుతు. పెంపకమున నున్నవానికి ఆకులపై సన్నని తుంపర చల్లి, మరల ఆరనిచ్చి, ప్రొద్దున సాయంకాలము అట్లు చేయుటయే నీరిచ్చుట. దప్పికగొన్న పిల్ల మొదట త్రాగవలయును, పిదప తినవలయును. ఎండినకడుపు తిండిని జీర్ణించుకొనజాలదు.

ఇక వేడిమి. మనవలె దేహములో వేడి పుట్టించుకొను ప్రాణి కాదది. ఎండనుండి దానిని బడయవలయును. చలియైన నీడలో నుంచిన పిల్లకు తిన్నను అరుగదు. కావున తినదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు లేనిదే ఎముకలకు బలము రాదు. అద్దపుపెట్టెలో బెట్టి యెండ జూపిన ఆ కిరణములను అద్దము చాలవరకు ఆపివేయును, వేడి మాత్రము లోపల బెరిగి ప్రాణము దీయును. అన్నిటికంటె మించినది భయము. పైనుండి వచ్చు చేయి దానికి పక్షి గోరువంటిది. చుట్టును మూగిన మొగములు, ఒక్క గంపలో నొకదానిపై నొకటి ప్రాకు తోబుట్టువులు, ఇవియెల్ల దాని యాకలి నణచివేయును. బలవంతముగా నోటిలో బోసిన ద్రవము గాలిగొట్టములోనికి బోయిన నిక జెప్పవలసిన దేమున్నది?

కనుక పిల్ల యొల్లమి మూర్ఖత్వము కాదు. అది తన స్థితిని దెలుపుటకు దాని కున్న యొక్కటే మార్గము. ఆ మాటను జదువలేనివారు రెండువిధముల తప్పిరి. ఒకటవ శతాబ్దపు రోమను గ్రంథకర్త ప్లినీ, ప్రాణులలో నిది యొక్కటియే తిండియు నీరును లేక గాలిచే బ్రతుకుచున్నదని వ్రాసెను. ఆ నమ్మిక పదునైదువందల యేండ్లకు పైగా నిలిచి షేక్స్పియరు హామ్లెట్టు నాటకములోనికిని వచ్చినది. 1646వ సంవత్సరమున థామస్ బ్రౌన్ అను ఆంగ్లవైద్యుడు లోకమందలి భ్రమలను గూర్చిన గ్రంథమున దీనిని విమర్శించి, ఇది చాలకాలము పస్తుండగలదు గాని, నాలుకయు కడుపును ప్రేగులును గలిగి యీగలను బట్టి తినునదియే యని వాదించెను. తినుట లేదు గనుక దానికి తిండి యక్కరలేదన్నది యొక భ్రమ. తినుట లేదు గనుక బలవంతముగా దినిపింపవలయునన్నది రెండవ భ్రమ. ఒకటి నిర్లక్ష్యముగను, మరియొకటి వాత్సల్యముగను దోచును. కాని ప్రాణివైపు చూడకుండుటలో రెండును నొక్కటియే.

ఇచ్చట మనవారిలో ననేకులకు గలుగు ధర్మసంకట మొకటి గలదు. ఊసరవెల్లిని బ్రతికింప ఈగలను జంపవలయును గదా? అహింసాపరుడైన గృహస్థు పాలు పోయుటకు గారణ మిదియే. పాలు పవిత్రములని ఆతని యూహ. కాని ఆ పవిత్రత ఆతనిది, పిల్లది కాదు. శిబి కథలో డేగ తన యాకలిని జెప్పుకొని ధర్మ మడిగినప్పుడు ఆ రాజు దానికి అహింసను బోధింపలేదు. పావురమును గాచుట యెట్లు ధర్మమో, డేగ యాకలి యట్లే నిజమని యొప్పుకొని, ఆ భారమును తన మేనిపై వేసికొనెను. తన శుచిత్వము చెడకుండ ఇతరప్రాణిని గాపాడుదునని ఆతడు బేరమాడలేదు. ఈగను బెట్టుటకు మనసొప్పనివాడు ఊసరవెల్లిని బెంచుటకు బూనుకొనరాదు. అట్లు పూనుకొనకుండుట దయలేమి కాదు. పూనుకొని పాలు పోయుటయే ఈగకు బదులుగా పిల్లను జంపుట.

భాగవతమున నృగమహారాజు కథ యుపాధ్యాయు లందరును జెప్పునదే. లెక్కకు మించిన గోవులను దానమిచ్చిన ఆ రాజు, ఒకరి కిచ్చిన యావు తప్పివచ్చి తన మందలో గలియగా, నెరుగక దానిని మరియొకరి కిచ్చెను. ఆ పొరపాటునకు ఫలముగా ఊసరవెల్లియై పాడునూతిలో బడెను. నీరు వెదకుచు వచ్చిన యాదవబాలురు దానిని జూచి జాలిపడి, త్రాళ్లు గట్టి లాగిరి, పైకి దీయలేకపోయిరి. అంతట వారు చేసిన పని గమనింపదగినది. లాగుట మాని, తెలిసినవాని కడకు బోయి చెప్పిరి. ఈ కథను బ్రాహ్మణధనాపహరణమునకు శిక్షగా జెప్పుటయే వాడుక. నాకు మరియొక యర్థము గోచరించును. దాత మనసు మంచిదైనను దానము సరిచూడబడనిదైన ఆ దోషము దాతను విడువదు. చేతనైనంత జేసితిమని చెప్పుటకు ముందు, తెలిసికొనగలిగినంత తెలిసికొంటిమా యని ప్రశ్నించుకొనవలయును. తెలిసికొనుటయు చేతనైన పనులలోనిదే.

ఈ దోషము ఊసరవెల్లి పిల్లతో నాగునది కాదు. మన యిండ్లలో బుట్టిన బిడ్డకు మొదటి ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసి, పంచదారనీరో తేనెయో నాకించు నాచారము పెక్కుచోట్ల నుండెను. నేటికిని పూర్తిగ బోలేదు. అది బిడ్డపై ద్వేషముచే జేసినది కాదు, ముద్దుచే జేసినదే. కాని బిడ్డను రోగములనుండి గాచు శక్తి ఆ ముర్రుపాలయందే యున్నది. ఏడాది నిండని శిశువునకు తేనె ప్రమాదకరమని వైద్యులు చెప్పుచున్నారు. పుట్టిన గంటలోపల తల్లిపాలిచ్చి, ఆరునెలలు అవియే యియ్యవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. బిడ్డ ముద్ద నొల్లక మొగము త్రిప్పికొన్నప్పుడు, అమ్మమ్మ చేతులు పట్టుకొనగా నమ్మ ముక్కు మూసి మ్రింగించుట మన మెరుగని సంగతి కాదు. అచ్చటను మనము తీర్చుకొనుచున్నది చాలమారులు బిడ్డ యాకలి కాదు, మన యాతురత.

కొంద రిట్లాక్షేపింతురు: "ఇంత తెలిసినవారెవ్వరు? తెలియనిదే దయ చూపరాదన్నచో లోకమున దయయే యుండదు గదా?" ఈ మాటలో సత్యము లేకపోలేదు. నీళ్లలో బడినవానిని లాగుటకు వైద్యశాస్త్రము చదివి రానక్కరలేదు. కాని తొందరపడవలసిన పనులు వేరు, నిలిచి చూడవలసిన పనులు వేరు. తెలియనప్పుడు చేయదగిన మొదటి పని బలవంతమును మానుట. రెండవది ప్రాణి వచ్చిన చోటును జ్ఞప్తికి దెచ్చుకొనుట. మూడవది ఎరిగినవారి నడుగుట. ఈ మూడింటికిని గొప్ప పాండిత్య మక్కరలేదు. మనము అడ్డు తొలగుటకు మనసొప్పిన జాలును. అడ్డు తొలగుట కష్టము. ఏలనన, ముద్ద పెట్టినవానికి పేరు వచ్చును గాని తలుపు తెరచి విడిచినవాని నెవ్వరును మెచ్చరు.

మరియొక సంగతియు నొప్పుకొనవలయును. అన్నియు సరిగా జరిగినను కొన్నిపిల్లలు బ్రతుకవు. ఒక్క గోతినుండి వచ్చిన ముప్పదిలో పెద్దవగునవి కొద్ది మాత్రమే. లోపముతో బుట్టిన పిల్ల తుంపరకును, ఎండకును, ఈగకును గూడ నోరు తెరువక పోవచ్చును. అప్పుడు మన తెలివి యోడిపోయినదని దుఃఖింపనక్కరలేదు. దానిని పుల్లతో బొడుచుచు చివరిగడియను కష్టపెట్టకుండుటయు తెలివియే. కాని ఈ యూరట చూడవలసినది చూచినవానికే తగును. పాలు పోసి "ఆయువు మూడినది" అన్నవానికి దగదు.

కాబట్టి మన తోటలో ఇట్టి పిల్లలు గనబడినప్పుడు చేయవలసినది సులభము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి మన దేశపు ఊసరవెల్లిని బట్టి యింట బెంచుట నేరము. దెబ్బతిన్నదైన అటవీశాఖవారికి దెలుపవలయును. దెబ్బ లేనిదైన, దొరికినచోటనే, పిల్లులును కాకులును సులభముగా జూడలేని దట్టమైన పొదపై, ప్రొద్దుటి యెండ తగులు కొమ్మను జూచి, ఒక్కొక్కదానిని వేరువేరుగా విడువవలయును. మంచు అచ్చట నున్నది, ఎండ యున్నది, ఈగ లున్నవి. అవి కావలెనని ఆ పిల్ల మనల నింతవరకు నడుగుచునే యున్నది.