నలుగురు, ఆప్తుడు, బాధ్యత : నల్లరేగడి మైదానంలో ఒక నైతిక ప్రశ్న

తెలుగులో ‘నలుగురు’ అనే పదం సంఖ్యావాచకంగా కంటె సమాజవాచకంగానే ఎక్కువగా వాడుకలో ఉంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నప్పుడు అది హెచ్చరిక. ‘నలుగురిలో ఉన్నవాడు’ అంటే గౌరవం. ‘నలుగురితో నారాయణ’ అనడంలో కొంత వెటకారమూ లేకపోలేదు. చివరకు పాడె మోయవలసినవారూ ఆ నలుగురే. మనిషి ఆలోచన, నడవడి, సంబంధాలు ఇతరుల వల్ల ఏ విధంగా రూపొందుతాయన్న ప్రశ్నకు ఈ ఒక్క పదం చుట్టూ చేరిన అర్థాలే సగం సమాధానం చెబుతాయి. ఇతరులను చూసి చేసిన పనికి బాధ్యత ఎవరిదన్నది మిగిలిన సగం. ఆ రెండవ సగాన్ని పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో జరిగిన కొన్ని సంఘటనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు అవసరమైన భావన న్యాయదర్శనంలో ఉంది. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించారు. అయితే ఆ శబ్దం ఆప్తునిది కావాలి. ఆప్తుడికి వాత్స్యాయనుడు చెప్పిన లక్షణాలలో రెండు ఇక్కడ ముఖ్యం. విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమని కూడా ఆయన స్పష్టం చేశాడు. పరుల మాట మీద ఆధారపడటం దోషం కాదని ఈ దర్శనం మొదటనే ఒప్పుకున్నది. అన్నిటినీ స్వయంగా పరీక్షించిన తరువాతనే నమ్ముతానని కూర్చున్నవాడు ఒక్క పంట కూడా పండించలేడు.

1980ల పత్తి సేద్యాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. నల్లరేగడిలో పత్తి ఆనాటికి గొప్ప ఆశ. పక్కచేను పచ్చగా ఉంటే మరుసటి ఏడు ఆ విత్తనమే వేయడం, పక్క రైతు మందు కొడితే ఆ సాయంత్రమే తానూ కొట్టడం ఊళ్లలో సహజంగా జరిగే పని. అప్పుడే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. వాటి తొలి ఫలితం కంటికి కనిపించింది: పురుగు రాలిపోయింది. తరువాతి ఫలితం వెంటనే కనిపించేది కాదు. పురుగును తినే మిత్రకీటకాలు కూడా నశించాయి. దశాబ్దం మధ్య నాటికి తెల్లదోమ విజృంభించింది. మందులకు లొంగని పచ్చపురుగు ఆ వెనుకనే వచ్చింది. 1987–88లో పంట పోయి, అప్పు మిగిలి, ఈ రెండు జిల్లాలలో రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. పురుగును చంపని మందు మనిషిని చంపింది.

అప్పుడు ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు’ అని తీర్పు చెప్పడం సులభమే. కాని ఆ సామెతలోని నక్క పులి చారలను మాత్రమే చూసింది. రైతు చూసినది తన వంటి రైతునే. ఇక్కడ తప్పిపోయినది వివేకం కాదు, ఆప్తత్వపు రెండు లక్షణాల కలయిక. పక్క రైతుకు ఉన్నది ఉన్నట్లు చెప్పాలన్న కోరిక ఉంది. మందు ఎట్లా పనిచేస్తుందో తెలియదు. మందుల దుకాణదారుకు ఎంతో కొంత తెలుసు. కాని సరుకును అరువు మీద అమ్ముకోవలసిన అవసరం ఆ కోరికకు అడ్డు వచ్చింది. పరిశోధనా కేంద్రాల శాస్త్రజ్ఞులలో రెండు లక్షణాలూ ఉన్నా వారి మాట చేనిగట్టుకు చేరేసరికి మందు కొట్టడం అయిపోయేది. అనుకరించేవాడికి పక్కచేనులో పని కనిపిస్తుంది. దాని ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది, అప్పు చిట్టా అసలే కనిపించదు.

కోస్తా నుంచి తెలంగాణకూ, కర్ణాటకలోని రాయచూరు ప్రాంతానికీ వలస వెళ్లిన రైతులతో పాటు ఈ పత్తి సేద్యం కూడా ప్రయాణం చేసింది. 1997–98లో వరంగల్లు జిల్లాలో ఇదే విషాదం మరింత పెద్దదిగా జరిగింది. తరువాతి దశాబ్దంలో ఆ జిల్లా పత్తి విత్తనాల ఎంపికను పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ ఒక ఊరు ఊరంతా ఒక ఏడు ఒక రకం వైపు, మరో ఏడు మరో రకం వైపు మళ్లడాన్ని నమోదు చేశాడు. విత్తనాలు మరీ త్వరగా మారిపోతుంటే స్వానుభవం జ్ఞానంగా స్థిరపడదనీ, అప్పుడు అనుకరణ ఒక్కటే మిగులుతుందనీ ఆయన వాదం. నా అభిప్రాయంలో ఇది రైతు మీద నేరారోపణ కాదు, రైతుకు తెలుసుకొనే వ్యవధి ఇవ్వని వ్యాపారం మీద.

ఇదే మైదానంలో అంతకు అరవై ఏళ్ల ముందు కూడా మనుషులు ఒకరిని చూసి ఒకరు నడిచారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు మునిసిపల్ పన్నును నిరాకరించి, ఇళ్లు వదిలి, ఊరి వెలుపల రామనగర్ అనే పాకల ఊరు కట్టుకొని దాదాపు పదకొండు నెలలు గడిపారు. 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు భూమిశిస్తు కట్టలేదు. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు. ఈ గ్రామాలు నేటికీ పత్తి, మిరప పండే గ్రామాలే. ఆ రైతులలో ప్రతి ఒక్కరూ సహాయ నిరాకరణ సిద్ధాంతాన్ని తర్కించి నిర్ణయం తీసుకున్నారనుకోలేము. పక్కింటివాడు కట్టలేదు కనుక కట్టనివారూ ఉండి ఉంటారు. అయినా దాన్ని మనం ఐక్యత అంటాము, పత్తి విషయంలో గుడ్డి అనుకరణ అంటాము. భేదం ఎక్కడ?

దారి చూపినవాడు నష్టంలో భాగం పంచుకోవడంలో ఉందని నాకు తోస్తుంది. శిస్తు కట్టవద్దని చెప్పినవారి ఆస్తికీ జప్తు భయం ఉంది. చీరాల ప్రజలను కదిలించిన గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాడు. ఉద్యమం ఆగినప్పుడు ఎందుకు ఆగిందని ముఖం మీద అడగడానికి నాయకులు అక్కడే ఉన్నారు. పత్తి విషయంలో మందు తయారు చేసినవాడు ఎక్కడో ఉన్నాడు. సలహా గొలుసుకట్టుగా ఎందరి చేతులో మారి వచ్చింది. నష్టం మాత్రం చివరివాడి దగ్గర ఆగిపోయింది.

ఇంతటితో ఆగితే ఈ వాదం అందంగానే ఉంటుంది, అసంపూర్ణంగా కూడా ఉంటుంది. ఎందుకంటే పెదనందిపాడు ఐక్యతను నిలిపిన సాధనాలలో సాంఘిక బహిష్కారం ఒకటి. నష్టాన్ని పంచుకొనే నలుగురికి, పంచుకోనివాడిని వెలివేసే శక్తి కూడా ఉంటుంది. అసలు ఆ నలుగురిలో లేనివారి మాటేమిటి? సరిగ్గా ఆ కాలంలోనే, 1922లో, గుంటూరు ప్రాంతపు ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వెలువడింది. అందులో భూస్వామి చౌదరయ్య కుమారుడు రామానాయుడు, పాలేరు సంగదాసు స్నేహితులు. ఆ స్నేహంలో ప్రభావం పై నుంచి కిందికి మాత్రమే ప్రవహించదు. మాలపల్లి యువకుడు భూస్వామి కుమారుడికి ఆప్తుడు కావడాన్ని చౌదరయ్య సహించలేడు. సంగదాసు అతడి చేతిలో మరణిస్తాడు.

1985 జులైలో కారంచేడులో తగాదా ఒక చెరువు దగ్గర మొదలయింది. మాదిగలు తాగునీటికి వాడే చెరువులో పశువుల కుడితి కడగడాన్ని మాదిగపల్లెకు చెందినవారు ఆక్షేపించారు. ఒక స్త్రీ చేతిలోని బిందెను అడ్డుగా ఎత్తింది. వాళ్లు చెప్పినది సాక్షాత్తుగా ఎరిగిన విషయం. నీళ్లు మురికి అయ్యాయా లేదా అన్నది ఆ నీళ్లు తాగేవారికంటె బాగా ఎరిగినవారెవరు? ఆప్తత్వానికి కావలసినదంతా ఆ మాటకు ఉంది. దాన్ని మాటగా స్వీకరించే మనసు మాత్రం ఊరికి లేకపోయింది. మరునాడు, 17వ తేదీన, ఊరి గుంపు పల్లె మీద పడి ఆరుగురిని చంపింది. ఆ గుంపులోనివారికి కూడా ‘నలుగురితో పాటు’ అన్న సమాధానం ఉండే ఉంటుంది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, మరికొందరికి స్వల్పకాల శిక్షలు విధించింది. గుంపు చేసిన పనిని చట్టం ఒక్కొక్కరికి విడదీసి పంచవలసి వస్తుంది. చూస్తూ ఊరుకున్నవారు, పొలంలో ఆ మాట విని తల ఊపినవారు ఆ పంపకంలోకి రారు. నైతిక విచారణ వారిని వదిలిపెట్టకూడదు.

కారంచేడు బాధితులు ప్రాణాలు చేతపట్టుకొని చీరాల చేరారు. 1921లో ఊరు విడిచిన ప్రజల చీరాలే ఇప్పుడు ఊరు విడిచినవారికి ఆశ్రయం అయింది. ఆ శిబిరంలోని మాటలు, పొరుగు గ్రామాల నుంచి అక్కడికి వచ్చిపోయినవారి మాటలు మరో ప్రభావానికి మూలమయ్యాయి. అదే ఏడు సెప్టెంబరులో తెనాలిలో ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ ఏర్పడింది. తరువాతి తెలుగు దళిత కవిత్వం ఆలోచనను, భాషను ఎంతగా మార్చిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. నలుగురిలో చోటు లేనివారు తామే నలుగురై మాట్లాడటం అంటే అది.

ఇప్పుడు మిరప సంగతి. 2021–22లో నల్ల తామరపురుగు గుంటూరు మిరపను దెబ్బతీసినప్పుడు సలహాలకు కొదవ లేదు. అవి దుకాణంలోనే కాక వాట్సాప్‌లో కూడా వచ్చాయి. రైతు సాధికార సంస్థ గుంటూరు కేంద్రంగా నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో అనుభవం గల రైతులే తోటి రైతులకు నేర్పుతున్నారు. ఎరిగినవాడు, చెప్పగోరినవాడు ఒక్కడే కావాలన్న పాత లక్షణానికి ఇది దగ్గరి పద్ధతి. ఇందులో నాకు మిగిలిన సందేహం ఒక్కటే. ఆ సమావేశంలో కూర్చున్నవారిలో కౌలురైతు ఉన్నాడా, మిరపకాయలు కోసే కూలీ స్త్రీ ఉన్నదా? చేనిలో దినమంతా వంగి ఆకు కింద పురుగును ముందుగా చూసేది ఆమె.