మాట ఒకరిది, మొహం ఒకరిది

చీర కొంటే కొట్టువాడితో మన బంధం గుమ్మం దగ్గరే తెగిపోతుంది. రంగు వెలిస్తే నాలుగు తిట్లు తిట్టుకుని, ఇంకెప్పుడూ ఆ దిల్‌సుఖ్‌నగర్ కొట్టు మెట్లెక్కనని ఒట్టు పెట్టుకుంటాం. ఆషాఢం డిస్కౌంట్లు రాగానే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడతాం. కారు సంగతి అలా కాదు. కారు కొనడమంటే ఇంచుమించు ఇంట్లో పెళ్ళి చెయ్యడమే. అసలు వ్యవహారమంతా మూడు ముళ్ళూ పడ్డాకే మొదలవుతుంది. మొదటి సర్వీసు, రెండో సర్వీసు, ఇన్సూరెన్సు, బ్రేకులు, ఏసీ, మధ్య మధ్య అలకలు!

మా నాగోలు నుంచి ఎల్.బి.నగర్ వైపు రింగు రోడ్డు మీద వెళ్తూంటే ఈ పెళ్ళిళ్ళు తరచూ కళ్ళబడుతూనే ఉంటాయి. అద్దాల షోరూములో కారుకి రిబ్బను కడతారు. ఇల్లాలి చేతికి అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చి ఫోటో తీస్తారు. కేకు కోయిస్తారు. అక్కణ్ణించి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి ప్రయాణం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపూ కుంకుమా. ఇంత వేడుకలో "ఈ షోరూము పదేళ్ళు ఉంటుందా, నాయనా?" అని అడగడం అపశకునం కాదూ? అంచేత ఎవరూ అడగరు.

కానీ షోరూములూ మూతబడతాయి. జనరల్ మోటార్స్ వాళ్ళు 2017 మే నెలలో ఇక మన దేశంలో షెవర్లే కార్లు అమ్మబోమని చెప్పి, ఆ ఏడాది చివరికి అమ్మకాలు ఆపేశారు. ఫోర్డు వాళ్ళు 2021 సెప్టెంబరు 9న ఇక్కడ కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నామన్నారు. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకి పైగా నష్టం వచ్చిందన్నారు. తమ ఉద్యోగుల్లో సుమారు 4,000 మంది మీద దీని ప్రభావం పడుతుందన్నారు. వాహన డీలర్ల సమాఖ్య ఫాడా అప్పుడే ఇంకో లెక్క చెప్పింది. దేశం మొత్తం మీద ఫోర్డు డీలర్లు 170 మంది, వాళ్ళ అమ్మకం కేంద్రాలు 391, వాటిలో పనిచేసేవాళ్ళు సుమారు 40,000 మంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. బోర్డు మీద పేరు కంపెనీది. పొయ్యి ఆరే ఇళ్ళు మాత్రం ఎక్కువగా డీలరు దగ్గర జీతం తీసుకునేవాళ్ళవి.

వాళ్ళెవరు? మా వైపు షోరూముల్లో చూస్తే, నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చి, నలుగురు కలిసి ఒక గది అద్దెకి తీసుకుని ఉండే కుర్రాళ్ళు. వాళ్ళని చూసుకుని నడిచే కర్రీ పాయింటు ఆవిడ, టీ బండి అతను, పక్క సందులో సీటు కవర్లు కుట్టే ఆయన. షట్టరు ఒకటే దిగుతుంది, చీకటి మాత్రం నాలుగు గడపల్లో పడుతుంది.

ఇక్కడే నాకో ధర్మసందేహం. నష్టం వస్తున్న దుకాణం మూసుకోవడం తప్పా? కాదు. చేతి డబ్బు వదిలించుకుంటూ వ్యాపారం చెయ్యమని ఎవర్నీ శాసించలేం. మరి మనసు ఎందుకు ఒప్పుకోదు? దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. "రేపట్నించి నేను వంట చెయ్యను" అనే హక్కు ఏ ఇల్లాలికైనా ఉంది. వారానికోసారైనా నాకు అనాలనిపిస్తుంది కూడాను! కానీ విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నం వడ్డించి, కూర కోసం చూస్తున్న మనిషిని లేచి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. రేపటి అమ్మకం మానుకోవచ్చు. నిన్నటి అమ్మకంతో నెత్తిన పడ్డ బాధ్యత మానుకోకూడదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ రెండు కంపెనీలూ వారంటీ, సర్వీసు, విడిభాగాలు కొనసాగుతాయనే చెప్పాయి. కూర వడ్డిస్తామనే అన్నాయి. అయితే ఏ కంపెనీ అయినా సరే, ఆ వడ్డన ఎక్కడ, ఎంత దూరంలో అన్నది అసలు ప్రశ్న. ఇంటి దగ్గరి వర్కుషాపు ఊరి రెండో కొసకి మారిపోతే, సర్వీసు ఉన్నట్టా లేనట్టా? పోనీ అమ్మేద్దామా అంటే, పాతకార్ల బేరగాడు పేరు వినగానే పెదవి విరుస్తాడు. కారు నిన్నటిలాగే నడుస్తూంటుంది. విలువ మాత్రం దిగిపోతుంది.

మా కాలనీలో ఒకావిడకి ఇదే జరిగింది. కంపెనీ పేరెందుకు లెండి. సర్వీసుకని వెళితే షట్టరుకి తాళం. ఫోనులో మిగిలిన నంబరు ఒక్కటే, కారు అమ్మినప్పుడు "ఏ అవసరమొచ్చినా నాకు చెయ్యండక్కా" అన్న కుర్రాడిది. చేసింది. చేసి, ఉన్న కోపమంతా అతని మీద కుమ్మరించింది. అతను అంతా విని నెమ్మదిగా అన్నాడట. "అక్కా, మీకు నేను చెప్పిన మాటలన్నీ వాళ్ళు నేర్పినవే. ఇప్పుడు వాళ్ళు పోయిన్రు, మాటలు నా మీద వడ్డయ్."

అప్పటికి అతనికి ఉద్యోగం లేదు. అయినా ఆ ఆదివారం పొద్దున్నే తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చాడు. మెకానిక్కుకి ఇవ్వాల్సింది ఇప్పించాడు. తనకిస్తే మాత్రం పెట్రోలుకి చాలంటూ వంద రూపాయలు తీసుకున్నాడు.

ఈ కథ విన్నప్పట్నించీ నాకు పెళ్ళి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి గుర్తొస్తున్నాడు. అటువాళ్ళ మాట ఇటు చేరవేస్తాడు. పెళ్ళి పెటాకులైతే మాట ఇచ్చినవాళ్ళు ఎక్కడుంటారో గానీ, వీధిలో ఎదురుపడి తిట్లు తినేది ఈయనే. మాట ఒకరిది, మొహం ఒకరిది. కంపెనీకి మొహం ఉండదు. ఆ కుర్రాడికి ఉంది. మన కోపం మొహం ఉన్నవాడినే వెతుక్కుంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, సర్వీసు చేసినవాణ్ణి కూడా నిలదీయనిస్తుంది. షట్టరు దించడం వస్తువులో లోపమా, చెప్పండి! అమెరికాలో 2009లో దివాలా తీసిన క్రైస్లర్ కంపెనీ ఒక్కసారిగా 789 మంది డీలర్లతో ఒప్పందాలు తెంచుకుంది. ఆ ఏడాది చివరికల్లా అక్కడి కాంగ్రెసు, అలాంటి డీలర్లు మధ్యవర్తి ముందు తమ గోడు చెప్పుకునే వీలు కల్పిస్తూ చట్టం చేసింది. ఫోర్డు ప్రకటన వచ్చినప్పుడు మన డీలర్ల సమాఖ్య కూడా తమకో రక్షణ చట్టం కావాలని అడిగింది. పెద్ద కంపెనీ ఎదుట లక్షలు పెట్టిన డీలరూ చిన్నవాడే మరి. అతని కింద పనిచేసే కుర్రాడి గోడు వినే మధ్యవర్తి ఎవరు?

చట్టాలు వచ్చేలోగా మనం చెయ్యగలిగింది కొంత ఉంది. కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, రంగు చూస్తాం, కాళ్ళ కింద మ్యాట్లు ఉచితంగా ఇమ్మని గంటసేపు బేరమాడతాం. ఈ షోరూము లేకపోతే ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు పలుకుతారు అన్న ప్రశ్న కూడా అప్పుడే అడిగి, జవాబు కాయితం మీద రాయించుకుంటే మన నోరేం పోదు. తరవాత కష్టమొస్తే కోపాన్ని సరైన చిరునామాకి పంపాలి. కంపెనీ పెద్ద ఆఫీసుకి రాయాలి, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి. అది శ్రమే. ఫోనులో దొరికిన కుర్రాణ్ణి తిట్టడం తేలిక. తేలికైనదల్లా న్యాయం కాదు కదా!

ఆ కుర్రాడు మా కాలనీ ఆవిడకి బాకీ పడలేదు. పడకపోయినా తన వంతని తీర్చి వెళ్ళాడు. అతనికి ఎక్కడైనా పని దొరుకుతుందేమో చూడమని ఆవిడిప్పుడు మా అందరికీ చెబుతోంది. మీకు తెలిసినచోట ఏదైనా ఉంటే మీరూ ఓ మాట చెప్పండి.